ఇటలీ జెట్టుకు నాలుగు తుపాకులు

చింతామణిలో కార్ల టింకరింగు, పెయింటింగు అంగడి నడిపే ఒకాయన, బాగేపల్లి సర్వే ఆఫీసులో నక్షలు గీసే నేను, ఇద్దరం కలిసి పద్నాలుగేళ్ళపాటు ఇటలీ దేశపు జెట్ యుద్ధవిమానాలు కట్టాం. జానెడు పొడవుండే ప్లాస్టిక్ విమానాలు. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు నవ్వుతారు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నేను రాయబోయేది నవ్వే సంగతి కాదు కాబట్టి ఆ నవ్వేదో ఇక్కడే అయిపోతే నాకూ మంచిదే.

ఆయన నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన అందరినీ పిలిచినట్టే నన్నూ అప్పా అనేవాడు. మా ఆఫీసు జీపు తలుపు సొట్టపోతే సరిచేయించడానికి తీసుకుపోయినప్పుడు పరిచయమయ్యాడు. అరమీద రంగు డబ్బాల మధ్య ఒక చిన్న విమానం నిలబెట్టి ఉంది. బెంగళూరు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికిందట. పెట్టె చిరిగిపోయింది, ఎలా కట్టాలో చెప్పే కాగితం లేదు. పెట్టె మీది బొమ్మ చూసుకుంటూ కట్టేశాడు. ఆయన చదువు ఎస్సెస్సెల్సీ దాకా, కన్నడంలో. ఇంగ్లీషు అక్షరాలు పోల్చుకుంటాడు గాని మాటలు తెలియవు. పెట్టె మీద ఏం రాసుందో చదివి చెప్పమన్నాడు. ఇటలీవాళ్ళు తయారుచేసుకున్న తేలికపాటి జెట్టు, పేరు జి తొంభై ఒకటి అని చెప్పాను. కింద ఇంకా సన్నక్షరాలు ఉన్నాయి కదా, అవీ చదువు అన్నాడు. జీపు తలుపు సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఆ రోజు నుంచి చదవడం నా పని అయింది.

అమెరికావీ రష్యావీ అందరూ కడతారు, ఇటలీవాళ్ళను ఎవరూ పట్టించుకోరు, మనం పట్టించుకుందాం అనేవాడు. ఎందుకు పట్టించుకోవాలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ దేశం ఎక్కడుందో చెప్పమంటే ఇప్పటికీ తడుముకుంటాడని నా అనుమానం. కాని ఆ దేశపు విమానాల రెక్క కింద బాంబులు తగిలించే కొక్కేలు ఎన్ని ఉండాలో నిద్రలో అడిగినా చెబుతాడు.

ఆయనకో పద్ధతి ఉంది. ఊరికే జి తొంభై ఒకటి కట్టాం అంటే కుదరదు. ఏదో ఒక్క విమానాన్ని పట్టుకోవాలి, తోక మీద ఫలానా అంకె ఉన్నదాన్ని. అదీ ఫలానా ఫోటోలో ఉన్నట్టుగా కట్టాలి. ఫోటో తీసిన రోజు దాని రెక్క కింద రంగు పెచ్చు లేచిపోయి ఉంటే మన విమానానికీ లేవాలి. ఫోటోలో కనబడని వైపు ఏముందో తెలియకపోతే సాదాగా వదిలేయాలి తప్ప మన బుర్రలోంచి తీసి ఏదీ పెట్టకూడదు. ఇదేం చాదస్తమన్నా అని ఒకసారి విసుక్కున్నాను.

"ఆ ఇమానం ఇప్పుడు యాడా లేదప్పా. నేనిట్ల లేనని అది వచ్చి చెప్పేకి రాదు. అందుకే మనం జాగ్రత్తగా ఉండాల," అన్నాడు.

తుపాకుల దగ్గర మరీ పట్టుదల. ఇటలీ సైన్యం వాడిన జి తొంభై ఒకటికి ముక్కు పక్కన అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు మెషిన్ గన్నులు. అదే విమానం జర్మనీవాళ్ళకు ఇచ్చినప్పుడు అటొకటి, ఇటొకటి పెద్ద ఫిరంగులు పెట్టారు. వాటిని కప్పే రేకు ఆకారమే వేరు. పెట్టెలో రెండు రకాల ముక్కలూ ఇస్తారు, చూసి పెట్టుకోవలసింది కట్టేవాడు. చాలామంది చూసుకోరు. ఎవరో జర్మనీ రేకులు పెట్టి ఇటలీ రంగులు వేసిన విమానం ఫోటోను నేను ఇంటర్నెట్టులో చూపిస్తే, ఆయన ఫోను నా చేతికిచ్చేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. తప్పు చేసింది నేను కాదన్నా అని వెంటపడి చెప్పుకోవలసి వచ్చింది.

నేను చదివేటప్పుడు ఒక్క మాట విడిచినా పట్టేసేవాడు. ఇంగ్లీషు రాదు, అయినా నా భుజం మీదుగా తొంగిచూసి వాక్యం పొడుగు కొలుచుకునేవాడు. అంత పొడుగు లైనుకు ఇంతేనా అర్థం, ఏదో మింగినావు, మళ్ళా చదువు అనేవాడు. నిజంగానే మింగి ఉండేవాణ్ణి. బద్ధకం. మళ్ళీ మొదటినుంచి చదివేవాణ్ణి.

కార్లకు పుట్టీ పెట్టి తడిపిన గరుకు కాగితంతో రుద్దాక ఆయన కళ్ళు మూసుకునేవాడు. ముందు అరచేత్తో తడిమి, తరువాత బొటనవేలి గోరు నడిపించేవాడు. కన్ను మోసం చేస్తుందట, మెరుపు చూసి నునుపు అనుకుంటుందట. విమానాలకూ అదే పద్ధతి. రెండు ముక్కలు అతికిన చోట గోరు ఆగకుండా పోయేదాకా ప్రైమర్ కొట్టనిచ్చేవాడు కాదు.

షుగరు ఆయన ఇంట్లో ముందునుంచీ ఉన్న జబ్బు. తండ్రికి దానివల్లే చూపు పోయింది. ఇక రాదని డాక్టరు మొహం మీదే చెప్పేసరికి ఆ పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని, అన్నం మానేసి, నెల తిరక్కుండా పోయాడు. అదంతా ఈయన భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, కోడలిగా దగ్గరుండి చూసింది. అందుకే ఈయనకు కుడికన్ను పోయి, ఎడమకన్ను మసకబారి, చిక్కబళ్ళాపురంలో కంటి డాక్టరు దగ్గరికి ముగ్గురం బయలుదేరిన రోజు బస్సు శిడ్లఘట్ట దాటకముందే ఇంకెంత దూరమని ఆమె మూడుసార్లు అడిగింది.

ఆయనకు కంట్లో మందు వేసి లోపల కూర్చోబెట్టారు. డాక్టరు మమ్మల్నిద్దరినీ బయటికి పిలిచి నెమ్మదిగా, కన్నడంలో, ఏదీ దాచకుండా చెప్పాడు. కుడికన్ను అయిపోయింది. ఎడమకంట్లో ఉన్న చూపు కూడా ఆరేడు నెలలకు మించి ఉండదు, ఆపరేషన్ చేసినా లాభం లేదు. ఆ చూపు ఉండగానే కర్ర పట్టుకుని నడవడం నేర్పించండి, చూడాలనుకున్నవన్నీ చూసుకోనివ్వండి అన్నాడు. ఆయనకు తాను చెప్పాలా, మేము చెబుతామా అని అడిగాడు. మేమే చెబుతామంది వదిన. చెప్పిందంతా ఇంగ్లీషులో టైపుచేసి రిపోర్టు నా చేతికిచ్చారు.

వరండాలో వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆయప్పకి ఇది సదవద్దప్పా. మా మామకి అయినట్లే అవుతుంది. ఈ మనిషీ కూడు ముట్టడు," అంది.

చదవొద్దని మాత్రమే అంది. అబద్ధం చెప్పమని ఆమె అడగలేదు. ఈ తేడా ఆమె కోసం రాస్తున్నాను, నా కోసం కాదు.

బస్టాండు బెంచీ మీద కూర్చుని, కర్చీఫుతో కన్ను అద్దుకుంటూ, మొత్తం చదువు అన్నాడు ఆయన. చదివాను. కంటి వెనక వాపు ఉంది అని చదివాను, అది నిజంగానే రాసి ఉంది. వాపు తగ్గితే చూపు తిరిగి రావచ్చు అని చదివాను, అది లేదు. కనీసం అక్కడైనా ఆగి ఉండాల్సింది. కాని ఇన్నేళ్ళు సన్నక్షరాలు చదివి చదివి నాకు ఆ రకం రాతల ధోరణి బాగా పట్టుబడింది. ఉత్త ఆశ చెబితే ఈయన నమ్మడు, ఏదో ఒక కచ్చితమైన వివరం ఉండాలి అనిపించింది. ఎడమకంటికి ఆరు నెలలు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి, వీలైనంతవరకు కట్టు కట్టి ఉంచాలి అని చదివాను. అది నా బుర్రలోంచి వచ్చింది. ఆయన తల ఊపాడు. ఆ మసకలో లైను పొడుగు ఆయనకు కనబడలేదు.

ఆ రోజుకు ఎడమకన్ను ఎంత చూసేదో చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎంతటిదో తెలియదు. భూతద్దం పెట్టుకుంటే విమానం తోక మీది అంకెలు కనబడేవి. రెండడుగుల దూరంలో మనిషి మొహం ఆనేది. వదిన కట్టుకున్న చీర రంగు చెప్పేవాడు.

చింతామణి చేరిన సాయంత్రమే మల్లుగుడ్డ చింపించి, మడత పెట్టించి, ఎడమకంటికి కట్టుకున్నాడు. మందు వేసుకునేటప్పుడు తప్ప విప్పేవాడు కాదు. ఆయన ఏ పని చేసినా అలాగే చేస్తాడు, సగం సగం చేయడం తెలియదు. అంగడి పనివాళ్ళకు అప్పజెప్పి అంగడి వెనకే ఉన్న ఇంట్లో కుర్చీలో కూర్చునేవాడు. విప్పినప్పుడల్లా మసక ఎక్కువవుతోందని ఒకటి రెండుసార్లు అన్నాడు. కట్టు విప్పగానే అట్లనే ఉంటుందిలే అన్నా అని సర్దిచెప్పాను. కర్ర కొనే మాట ఎవరో ఎత్తితే కసురుకున్నాడు. కళ్ళు వచ్చేవాడికి కర్ర ఎందుకన్నాడు.

కూతురిని మిట్టేమరి అనే ఊరికి ఇచ్చారు. కట్టు కట్టిన నాలుగో నెలలో ఆ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. ఆ వెంటనే వచ్చిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. పాపను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. నాయనా, ఒక్కసారి కట్టు తీసి చూడు అని కూతురు అడిగింది. ఆయన పాప ముక్కూ చెవులూ వేళ్ళతో తడిమాడు.

"ఆరు నెలలు కానీమ్మా. చెడగొట్టుకునేకి లేదు. తీరిగ్గా చూస్తా," అన్నాడు.

వదిన నా వైపు చూసింది. నా చేతిలో కాఫీ లోటా ఉంది. దాన్ని కిందపెట్టి, అన్నా, విప్పు, చూడు అని ఉంటే చాలు, అప్పటికి ఇంకా చూపుంది. నేను కాఫీ పూర్తిగా తాగాను. బయటికి వచ్చాక వదినను అడిగాను, చెప్పేద్దామా అని. ఇప్పుడు చెబితే మనల్నిద్దరినీ నమ్మడు, పైగా అన్నం మానేస్తాడు అంది. నాకు కావలసిన జవాబు అదే కాబట్టి ఇంకేమీ అడగకుండా బస్సెక్కాను. నా మీద నాకు అసహ్యం పుట్టిన రోజు ఒకటి చెప్పమంటే ఆ ఆదివారం చెబుతాను.

ఆరు నెలలు గడిచాయి. కట్టు విప్పితే ఏమీ ఆనడం లేదన్నాడు. వాపు తగ్గేకి ఇంకొంచెం పడుతుందన్నా అని చెప్పాను. ఎనిమిదో నెలలో ఆయనే, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, ఒక జి తొంభై ఒకటి కడదాం అన్నాడు. ఇటలీదే, నాలుగు తుపాకులది. ముక్కలు నేను బాగేపల్లిలో అతికించి ఆదివారం తేవాలి, ఆయన తడిమి చూడాలి, బాగుందంటే తరువాతి ముక్కలు. రంగు మాత్రం కన్ను వచ్చాక తానే వేస్తానన్నాడు. ఆ విమానం పొట్ట కింద బూడిద రంగులో ఎంత వెండి ఉండాలన్న తగువు మా ఇద్దరికీ ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఈసారి తేలుస్తానన్నాడు. సరే అన్నాను. ఆ సరే అనేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది, దానికే నాకు ఇప్పుడు భయమేస్తుంది. అంతగా అలవాటైపోయింది.

ఒక పొద్దున ఆఫీసుకు పోయేముందు ఎడమవైపు తుపాకుల రేకు పట్టకారులోంచి జారి ఎగిరిపోయింది. వేలిగోరంత ముక్క. ఇంటిల్లిపాదీ మంచాలు జరిపి వెతికారు, ఊడ్చిన చెత్త నేను చాటలో పోసి చెరిగాను. దొరకలేదు. పెట్టెలో జర్మనీ రేకు ఉంది. దాని పెద్ద రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి, సన్న డ్రిల్లుతో రెండు చిన్న రంధ్రాలు పొడిచి, ఇటలీ రేకు ఆకారం వచ్చేలా రుద్ది, ఎడమవైపు అతికించాను. కుడివైపుది అసలుదే. పూర్తయ్యాక వెలుతురులో పట్టుకుని చూశాను. కంటికి దొరకదు. రంగు పడితే అసలే దొరకదు. పైగా ఆయనకు చూపే లేదు కదా అని కూడా అనుకున్నాను. అనుకోలేదని ఇప్పుడు బుకాయించలేను.

తరువాతి ఆదివారం, పదిన్నర గంటలప్పుడు, ఆయన కుర్చీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని విమానం చేతికిచ్చాను. బయట పనివాళ్ళు ఎవరిదో కారు డోరు రుద్దుతున్నారు. ముందు అరచెయ్యి వేశాడు. తోకనుంచి ముక్కుదాకా రెండుసార్లు. తరువాత కుడివైపు రేకు చుట్టూ గోరు నడిపాడు. తల ఊపాడు. ఎడమవైపు నడిపాడు. ఆగాడు. మళ్ళీ కుడివైపుకు పోయి, మళ్ళీ ఎడమవైపుకు వచ్చాడు. పుట్టీ పూడ్చిన చోట గోటితో నెమ్మదిగా గీకాడు. నేను ఈ ముక్క చేసేటప్పుడు కంటికి మాత్రమే భయపడ్డాను. పద్నాలుగేళ్ళు పక్కన కూర్చుని చూసిన ఆ గోరు నాకు గుర్తే రాలేదు.

"ఇది జర్మనీ రేకు," అన్నాడు.

అవునన్నా, అసలుది ఎగిరిపోయింది, దొరకలేదు అన్నాను.

"పోయిందని చెప్పింటే బోడిగా ఇడిసిపెడుదుము కదప్పా. చెప్పకుండా ఏల పెడితివి?"

నీకు తెలియదనుకున్నా అన్నాను.

ఆయన విమానాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. బయట రుద్దడం ఆగి, మళ్ళీ మొదలైంది.

"నాకు కనబడదని తెలిసి పెట్టినావు. ఆ పొద్దు బస్టాండులో సదివిందీ ఇట్లాందేనా?" అన్నాడు.

ఆయన వదినను పిలిచి బీరువాలోని రిపోర్టు తెమ్మన్నాడు. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. ఏమీ అడగకుండా తెచ్చి నా చేతికిచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. చదువు, దేన్నీ మింగొద్దు అన్నాడు ఆయన. మొదటి లైను నుంచి చదివాను. ఒక్కో లైనుకూ తెలుగు చెప్పాను. ఎడమకంటి చూపు ఆరేడు నెలల్లో పోతుందన్న చోట ఆగాను, కానీయ్ అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. కర్ర సంగతి చదివాను. చూడాలనుకున్నవి ఇప్పుడే చూసుకోవాలన్నది చదివాను. సంతకం దాకా చదివాను.

"ఇశ్రాంతి అనేది యాడ ఉండాది?"

లేదన్నాను.

"కట్టు కట్టమని?"

"అదీ లేదన్నా. నేనే చెప్పింది," అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. లెక్క సరిచూసుకుంటున్నవాడిలా నెమ్మదిగా అన్నాడు.

"డాక్టరు సూసుకోమన్యాడు. నువ్వు కట్టుకోమంటివి."

వదిన ఏడుస్తూ, తానే చదవొద్దందని, మామ పోయినట్టు పోతావని భయపడ్డానని చెప్పింది. ఆయన విన్నాడు. కట్టు విప్పి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వాకిట్లో ఎండ బాగా ఉంది. అటువైపు మొహం తిప్పి కాసేపు కూర్చున్నాడు. ఏమన్నా తెలుస్తాందా అని వదిన అడిగింది. లేదన్నాడు. తరువాత అన్నం పెట్టమన్నాడు.

వదిన సంగటి పెట్టింది. రోజూ తిన్నట్టే తిన్నాడు. ఇంకొంచెం పులుసు వేయమన్నాడు, ఉయ్యాల్లో పాప లేచిందా అని అడిగాడు, చెయ్యి కడుక్కున్నాడు. వదిన గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏ భయంతో పదకొండు నెలలు ఈ మనిషి కళ్ళకు గంతలు కట్టామో ఆ భయం ఉత్తది. ఆయన వాళ్ళ నాయనలాంటివాడు కాడు. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా ఆయన్ని అడిగి చూడలేదు.

ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తాడు. రెండు నెలల్లో నేర్చుకున్నాడు. పాపకు ఏడాది నిండింది. మిట్టేమరి నుంచి తెస్తే మొహమంతా తడిమి, ఎవరి పోలికో తానే చెబుతాడు. ఎవరూ సరిదిద్దరు. పోయిన రేకు బదులు ఇంకొకటి నేను తెప్పించి పెట్టాను. ఆ మాట చెబితే సరేలే అన్నాడు, విమానం అందుకోలేదు. నేను ఆదివారాలు పోవడం మానలేదు, ఆయన రావద్దనలేదు. వానల గురించి, బస్సుల గురించి, టమోటా లారీల గురించి మాట్లాడుకుంటాం.

మొన్న ఒక ఆదివారం ఆసుపత్రి నుంచి ఏదో కాగితం వచ్చి ఉంది, కిడ్నీల పరీక్షది. కవరు చింపి ఆయన చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంగ్లీషు కాగితాలన్నీ ఇప్పుడు పక్కనున్న మందుల అంగడాయన వచ్చి చదువుతాడు. ఆ రోజు మందుల అంగడి ఇంకా తెరవలేదు. నేను చెయ్యి చాపి, ఇటివ్వన్నా, చూస్తాను అన్నాను.

"వద్దులేప్పా. ఆయప్ప వచ్చినాక సదివిస్తా," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తొడ కింద పెట్టుకున్నాడు. పక్కంగడి షట్టరు లేచేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.